నొప్పి, తిమ్మిరి: ఇప్పుడే వెళ్లాలా, ఆగి చూడాలా?

మా నాన్నగారికి ఒకరోజు పొద్దున కుడి చెయ్యి మొద్దుబారింది. గ్లాసు పట్టుకుంటే పట్టు దొరకలేదు. 20 నిమిషాల్లో అంతా సర్దుకుంది. "రాత్రి చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నట్టున్నాను" అన్నారు. నొప్పి లేదు కదా అని మేమూ వదిలేశాం. నాలుగో రోజు అదే చెయ్యి, అదే వైపు కాలు పడిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. ఆ 20 నిమిషాలు పక్షవాతం ముందుగా పంపిన కబురని డాక్టర్ చెప్పేదాకా మాకు తెలియలేదు.

అంతకు ఏడాది ముందు నేను మెడ పట్టేసి, తల తిప్పలేక, ప్రాణం పోతుందన్నంత నొప్పితో అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వెళ్లాను. అది కండరం పట్టేయడమే. వారంలో పోయింది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసార్లు ఆలోచించాను. ఎంత నొప్పిగా ఉందన్నది చూసి నిర్ణయించుకుంటే దారి తప్పుతాం. నొప్పి అరుస్తుంది కాబట్టి దాని మాట వింటాం. మొద్దుబారడం అరవదు, అందుకే ఆగుతాం. ఎలా మొదలైంది, ఎక్కడ ఉంది, ఏ పని ఆగిపోయింది అన్నవి చూసుకుంటే చాలావరకు సరైన నిర్ణయం దొరుకుతుంది.

కారణం తెలియని నొప్పి గానీ తిమ్మిరి గానీ వస్తే మన ముందు నాలుగు దారులు ఉంటాయి. వెంటనే అంబులెన్స్ పిలవడం, ఆ రోజే డాక్టర్‌ని కలవడం, వారం రెండు వారాల్లో అపాయింట్‌మెంట్ తీసుకోవడం, ఇంట్లోనే ఉండి గమనించడం. జబ్బు ఏమిటో తేల్చేది డాక్టరే. ఈ నాలుగింటిలో ఏది ఎంచుకోవాలన్నది మాత్రం చాలాసార్లు మనమే, అదీ కొన్ని నిమిషాల్లో, తేల్చుకోవాలి.

## ముందు చూసుకోవాల్సినవి

ఎలా మొదలైంది? అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇదే. రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా లక్షణం స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా వస్తుంది. ఇన్‌ఫెక్షన్, వాపు అయితే గంటల్లో, రోజుల్లో పెరుగుతాయి. నరం ఎక్కడో నొక్కుకుపోతే సాధారణంగా రోజులు, వారాలు పడుతుంది. షుగర్ వల్లో, బి12 తక్కువవడం వల్లో నరాలు దెబ్బతింటే నెలలు, ఏళ్లు పడుతుంది. "అప్పుడు నేను ఫలానా పని చేస్తున్నాను" అని కచ్చితంగా చెప్పగలిగేంత హఠాత్తుగా మొదలైందంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఎక్కడ ఉంది? నరాలకు వాటి దారులు ఉంటాయి. ముఖం, చెయ్యి, కాలు ఒకే వైపు మొద్దుబారితే మెదడును అనుమానించాలి. రెండు పాదాల వేళ్ల దగ్గర మొదలై, మేజోళ్లు తొడుక్కున్నట్టు మెల్లగా పైకి పాకితే పొడవాటి నరాలు చివర్ల నుంచి దెబ్బతింటున్నట్టు. నడుము నుంచి పిరుదు మీదుగా ఒక కాలి వెనక వైపు దిగితే వెన్ను దగ్గర నరం మొదలు నొక్కుకుపోయి ఉండొచ్చు. బొటన, చూపుడు, మధ్య వేళ్లకు తిమ్మిరి వస్తుంటే మణికట్టు దగ్గర, చిటికెన వేలికి వస్తుంటే మోచేతి దగ్గర సమస్య ఎక్కువగా కనిపిస్తుంది. పొట్ట మీద గీత గీసినట్టు అక్కడి నుంచి కిందికంతా స్పర్శ తెలియకపోతే వెన్నుపాము సంగతి వెంటనే చూడాలి.

ఏ పని ఆగిపోయింది? "చెయ్యి మొద్దుబారింది" అనే మాట మనం రెండు వేర్వేరు సంగతులకు వాడతాం. తాకితే తెలియకపోవడం ఒకటి, ఎత్తబోతే లేవకపోవడం ఇంకొకటి. రెండోది మొదటిదానికన్నా తొందరపడాల్సిన విషయం. అందుకే "ఎలా ఉంది?" అని అడిగి ఊరుకోకుండా చేయించి చూడాలి. రెండు చేతులూ ముందుకు చాపి కళ్లు మూసుకుంటే ఒకటి కిందికి జారుతోందా? మడమల మీద నాలుగు అడుగులు వేయగలరా? చొక్కా గుండీ పెట్టుకోగలరా? మూత్రం వస్తున్నట్టు తెలుస్తోందా, ఆపుకోగలుగుతున్నారా?

తోడుగా ఇంకేం ఉంది? జ్వరం, ఆయాసం, చల్లటి చెమటలు, స్పృహ తప్పడం, ఒక కాలే వాయడం, చర్మం మీద పొక్కులు, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గకుండా రాత్రంతా పీకే నొప్పి. వీటిలో ఏది ఉన్నా ఒక మెట్టు ముందుకు జరగాలి.

ఎవరికి వచ్చింది? ఒకే నడుము నొప్పి పాతికేళ్ల ఆరోగ్యవంతుడికి ఒక సంగతి. ఇదివరకు క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లకు, ఎముకలు బోలుగా మారిన పెద్దవాళ్లకు పూర్తిగా వేరే సంగతి.

నొప్పి తీవ్రతను ఈ లెక్కలో చివర పెట్టాను. కిడ్నీలో రాయి కదిలితే మనిషి నేల మీద దొర్లుతాడు, అయినా ఎక్కువసార్లు ప్రాణాపాయం ఉండదు. మెదడులో రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతంలో చాలామందికి అసలు నొప్పే ఉండదు. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు కూడా ఛాతీ నొప్పి లేకుండా, ఆయాసంతోనో ఉన్నట్టుండి వచ్చిన నీరసంతోనో రావొచ్చు.

## నాలుగు దారులు, ఒక చూపులో

| దారి | మొదలైన తీరు | కనిపించేవి | ఆలస్యమైతే పోయేది |
|---|---|---|---|
| అంబులెన్స్, ఎమర్జెన్సీ | క్షణాల్లో, నిమిషాల్లో. లేదా గంటగంటకూ పెరుగుతూ | ఒక వైపు బలం పోవడం, మాట తడబాటు, ఛాతీ బరువు, మూత్రం పట్టు తప్పడం, చల్లబడి పాలిపోయిన కాలు | ప్రాణం, లేదా ఇక తిరిగిరాని కదలిక |
| ఈ రోజే డాక్టర్ | గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో | ఒక పిక్క వాపు, ఒక పక్కే పట్టీలా మంట, కొత్తగా పాదం పైకి లేవకుండా వేలాడటం, జ్వరంతో కీలు వాపు | మందు బాగా పనిచేసే గడువు |
| వారం, రెండు వారాల్లో | వారాల్లో, నెలల్లో | వేళ్ల తిమ్మిరి, అరికాళ్ల మంట, తగ్గని నడుము నొప్పి | నరం కోలుకునే అవకాశం, కొద్దికొద్దిగా |
| ఇంట్లో గమనించడం | కారణం తెలిసింది, తగ్గుతూ వస్తోంది | పట్టేసిన కండరం, కూర్చున్న భంగిమ వల్ల వచ్చిన తిమ్మిరి | గడువు పెట్టుకుంటే పెద్దగా ఏమీ లేదు |

అనుమానం రెండు వరుసల మధ్య ఉంటే పై వరుసనే తీసుకోండి.

## మొదటి దారి: ఇప్పుడే

పక్షవాతం గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే గడియారంతో ఇంత గట్టిగా ముడిపడిన జబ్బులు తక్కువ. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే చికిత్స అందని ప్రతి నిమిషం సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని లెక్క. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇస్తారు. పెద్ద గడ్డను తీగ లాంటి గొట్టంతో బయటికి లాగే చికిత్స కొందరికి 24 గంటల దాకా పనికొస్తుంది గానీ, అది ఎవరికి వీలవుతుందో స్కాన్ చూసి చెప్పాల్సిందే.

ఆ 4.5 గంటలను లక్షణం మీరు చూసిన క్షణం నుంచి లెక్కపెట్టరు. మనిషి మామూలుగా ఉన్నట్టు చివరిసారి ఎవరు ఎప్పుడు చూశారో, అప్పటి నుంచి లెక్క. రాత్రి 10కి బాగానే పడుకుని పొద్దున 6కి మూతి వంకరతో లేస్తే లెక్క రాత్రి 10 నుంచే మొదలవుతుంది. అందుకే "కాసేపు చూద్దాం" అనే మాటకు ఇక్కడ చోటు లేదు. నవ్వమంటే మూతి ఒక పక్కకు పోవడం, రెండు చేతులు ఎత్తమంటే ఒకటి జారిపోవడం, ఒక వాక్యం చెప్పమంటే మాట ముద్దగా రావడం: మూడింటిలో ఒక్కటి హఠాత్తుగా వచ్చినా చాలు.

అంబులెన్స్ వచ్చేలోగా తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. మింగే శక్తి తగ్గి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆస్పిరిన్ వేయకండి. నాళం మూసుకుపోయిందో, చిట్లిందో స్కాన్ తీయందే తెలియదు, చిట్లి ఉంటే ఆస్పిరిన్ కీడు చేస్తుంది. షుగర్ ఉన్న మనిషి అయితే వేలి మీద రక్తం తీసి ఒకసారి చూడండి. షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే కనిపించవచ్చు. ఆ పరీక్ష కోసం అంబులెన్స్ పిలవడం మాత్రం ఆపొద్దు.

ఇదే వరుసలో నిలబడేవి ఇంకా ఉన్నాయి. ఛాతీలో బరువు పెట్టినట్టు, బిగించినట్టు ఉండి అది దవడకో, భుజానికో, చేతికో పాకడం, చెమటలు పట్టడం. దీన్ని గ్యాస్ అనుకుని గంటలు పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్నో. ఒక్క నిమిషంలో తారస్థాయికి చేరే, జీవితంలో ఎప్పుడూ ఎరగనంత తలనొప్పి మెదడు చుట్టూ రక్తస్రావం కావచ్చు. ఒక కాలో చెయ్యో ఉన్నట్టుండి నొప్పిపుట్టి, చల్లబడి, పాలిపోయి, మొద్దుబారితే అక్కడికి రక్తం అందడం లేదు. దాన్ని కాపాడుకోవడానికి ఉండే సమయం గంటల్లోనే. ఎముక విరిగి కట్టు వేయించుకున్నాక లోపల నొప్పి మందులకు లొంగకుండా పెరుగుతూ, వేళ్లు తిమ్మిరెక్కితే తెల్లవారేదాకా ఆగకూడదు.

నడుము నొప్పి ఉన్నవాళ్లు మొహమాటంతో చెప్పని లక్షణం ఒకటుంది. జీను మీద కూర్చుంటే తగిలే భాగం, అంటే తొడల లోపలి వైపు, మలద్వారం చుట్టూ, జననాంగాల దగ్గర స్పర్శ తెలియకపోవడం. దానితో పాటు మూత్రం బిగుసుకుపోవడం, తెలియకుండా పడిపోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం ఉంటే వెన్ను చివర నరాల కట్ట నొక్కుకుపోతోందని అర్థం. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్‌తో ఆ ఒత్తిడి తీయకపోతే మూత్రం, మలం మీద పట్టు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. శుభ్రం చేసుకునేటప్పుడు తేడా తెలిస్తే సిగ్గుపడకుండా ఆ మాటే డాక్టర్‌తో చెప్పండి.

పాదాల్లో మొదలైన తిమ్మిరి, బలహీనత రోజుల్లో మోకాళ్లకు, చేతులకు ఎక్కుతుంటే, ముఖ్యంగా ఈమధ్యే జ్వరమో విరేచనాలో వచ్చి తగ్గి ఉంటే, గులియన్ బారే అనే జబ్బు కావచ్చు. ఊపిరి తీసే కండరాల దాకా పోగలదు కాబట్టి అది ఆసుపత్రిలో పెట్టి చూడాల్సిన జబ్బు. కుర్రాళ్లకు వృషణంలో హఠాత్తుగా నొప్పి వస్తే అది మెలిపడి ఉండొచ్చు, దాదాపు 6 గంటల్లో సరిచేయాలి. పిల్లలు దాన్ని పొత్తికడుపు నొప్పి అని చెప్పి తప్పించుకుంటారు, తల్లిదండ్రులు విడమరచి అడగాలి.

సొంత బండిలో వెళ్లాలా, అంబులెన్స్ కోసం ఆగాలా అన్నది చాలామందికి పెద్ద సందేహం. ఛాతీ నొప్పి గానీ, ఒక వైపు బలహీనత గానీ ఉన్న మనిషి తానే బండి నడపకూడదు. అంబులెన్స్‌లో దారిలోనే ప్రాణం కాపాడే సాయం ఉంటుంది, ఆసుపత్రికి ముందే కబురు వెళ్తుంది. అది రావడానికి మరీ ఆలస్యమవుతుందని తెలిస్తే ఇంకొకరు నడిపే వాహనంలో వెళ్లడం మేలు. అప్పుడైనా దగ్గరున్న చిన్న ఆసుపత్రికా, కొంచెం దూరమైనా సీటీ స్కాన్, పక్షవాతం ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికా అని ఆలోచించాల్సి వస్తే రెండోదే సరైనది. మొదటిదాన్లో పోయిన గంట తిరిగి రాదు.

ఇంత హడావుడి చేసి వెళ్తే "ఏమీ లేదు" అంటారేమో అన్న బెరుకు ఉంటుంది. అలా అంటే పోయేది ఒక రాత్రి నిద్ర, కొంత ఖర్చు. వెళ్లకపోతే పోయేది ఏమిటో నేను మా ఇంట్లో చూశాను.

## రెండో దారి: ఈ రోజే

ముందుగా, వచ్చి తగ్గిపోయిన తిమ్మిరి. ముఖం, చెయ్యి, కాలు ఒక వైపు కాసేపు మొద్దుబారి లేదా బలం తగ్గి, మాట తడబడి, లేదా ఒక కంటి చూపు తెర వేసినట్టు మూసుకుని మళ్లీ మామూలైతే దాన్ని చిన్న పక్షవాతం అంటారు. మెదడులోకి పోయిన గడ్డ తనంతట తానే కరిగింది, అంతే. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చోటు అలాగే ఉంది. పూర్తిస్థాయి పక్షవాతం వచ్చే ముప్పు మొదటి 48 గంటల్లోనే ఎక్కువ. తగ్గిపోయిందన్న సంతోషంతో వచ్చే వారానికి వాయిదా వేయకండి. స్కాన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి అదే రోజు, వీలైతే అదే గంటలో వెళ్లండి.

ఒక పక్కే, ఛాతీ మీదో నడుము మీదో పట్టీ కట్టినట్టు మంట, పోటు వచ్చి, ఒకటి రెండు రోజుల తర్వాత అదే పట్టీలో నీటి పొక్కులు లేస్తే అది సర్పి. వైరస్ మందు పొక్కులు లేచిన 72 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. నుదురు, కన్ను దగ్గర వస్తే కంటి డాక్టర్ కూడా చూడాలి.

ముఖం ఒక పక్కంతా, కన్ను మూయడానికి కూడా రాకుండా జారితే అది ముఖ నరం వాపు కావచ్చు. దానికి స్టెరాయిడ్ 72 గంటల లోపు ఇస్తేనే లాభం ఎక్కువ. పక్షవాతానికీ దీనికీ తేడా నుదుటి కండరాలను బట్టి డాక్టర్లు చెబుతారు. ఇంట్లో కూర్చుని మనం చెప్పుకునే పని పెట్టుకోవద్దు, ఎమర్జెన్సీలోనే తేల్చుకోండి.

ఒక పిక్క మాత్రమే వాచి, వెచ్చగా, పట్టుకుంటే నొప్పిగా ఉంటే లోపలి సిరలో గడ్డ కట్టి ఉండొచ్చు. మసాజ్ చేయొద్దు. ఆయాసం కూడా తోడైతే మొదటి దారే. జ్వరంతో పాటు ఒక కీలు ఎర్రగా వాచి కదపలేకపోయినా, పాదం కొత్తగా జారిపోయి నడుస్తుంటే వేళ్లు నేలకు రాసుకుంటున్నా ఆ రోజే చూపించాలి. 50 ఏళ్లు దాటినవాళ్లకు కణత దగ్గర కొత్తగా తలనొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి కలిసి వస్తే కంటిచూపుకే ప్రమాదం ఉన్న రక్తనాళాల వాపు కావచ్చు, రేపటికి పెట్టుకోకండి.

## మూడో దారి: వారం, రెండు వారాల్లో

నిదానంగా వచ్చే తిమ్మిర్లలో ఎక్కువ భాగం ఇక్కడికి వస్తాయి. ఇక్కడ రెండు రోజుల ఆలస్యం వల్ల ఏమీ కాదు, రెండేళ్ల ఆలస్యం వల్ల చాలా అవుతుంది. నొప్పి లేకపోవడం ఇక్కడే ఎక్కువ మోసం చేస్తుంది.

రాత్రి నిద్రలో చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ రావడం, విదిలిస్తే తగ్గడం మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయినవాళ్లు చెప్పే మాట. మొదట్లో రాత్రిపూట మణికట్టు నిటారుగా ఉంచే పట్టీతోనే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. ఏళ్లు వదిలేస్తే బొటనవేలి మొదట్లో కండ కరిగిపోతుంది, తర్వాత ఆపరేషన్ చేసినా ఆ బలం పూర్తిగా రాకపోవచ్చు. ఈ తిమ్మిరి వెనక థైరాయిడ్ లోపం, షుగర్ ఉన్నాయేమో కూడా చూస్తారు.

రెండు అరికాళ్లలో మంట, సూదులు గుచ్చినట్టు, దూది మీద నడుస్తున్నట్టు ఉంటే గత 3 నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష, బి12, థైరాయిడ్ పరీక్షలతో మొదలుపెడతారు. మాంసాహారం తిననివాళ్లకు, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర గానీ ఎసిడిటీ మాత్రలు గానీ ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లకు బి12 తగ్గే అవకాశం ఎక్కువ. చర్మం మీద పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ ఉండి అక్కడ స్పర్శ తెలియకపోతే కుష్టు పరీక్ష చేయించుకోవాలి. అది మందులతో పూర్తిగా నయమవుతుంది, రకాన్ని బట్టి 6 లేదా 12 నెలల కోర్సు. భయంతో దాచుకున్నవాళ్లకే వేళ్లు వంకరపోయే ముప్పు ఎక్కువ.

నడుము, మెడ నొప్పులకు ముందే ఎంఆర్‌ఐ తీయించుకుని వెళ్లాలా అని చాలామంది అడుగుతారు. ప్రమాద లక్షణాలు లేకపోతే అవసరం లేదనే నా అభిప్రాయం. ఏ నొప్పీ లేని 20 ఏళ్లవాళ్లలోనే దాదాపు 30 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 80 శాతం పైగా మందికి స్కాన్‌లో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు) ఉబ్బు కనిపిస్తుంది. అంటే కాగితం మీద రాసిన డిస్క్ మన నొప్పికి కారణమని గ్యారంటీ లేదు. డాక్టర్ చేత్తో పరీక్షించాక తీసిన స్కాన్‌కే విలువ.

## నాలుగో దారి: ఇంట్లో గమనించడం

దీన్ని ఎంచుకోవాలంటే మూడు షరతులు కుదరాలి. కారణం తెలిసి ఉండాలి, బలం తగ్గకూడదు, రోజురోజుకూ తగ్గుతూ ఉండాలి. మఠం వేసుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి లేచిన కొద్ది నిమిషాల్లో పోవడం, అలవాటు లేని పని చేశాక రెండు మూడు రోజులు ఒళ్లు నొప్పులు, బిగుతైన బెల్టు వల్ల తొడ బయటి వైపు మొద్దుబారడం ఇలాంటివి.

గడువు పెట్టుకోకుండా ఆగడాన్ని గమనించడం అనలేం. భంగిమ వల్ల వచ్చిన తిమ్మిరి గంటలోగా పోకపోతే ఆ రోజే చూపించండి. పట్టేసిన కండరానికి 2 వారాలు ఇవ్వొచ్చు. ప్రమాద లక్షణాలు లేని నడుము నొప్పి ఎక్కువమందికి 6 వారాల లోపు బాగా తగ్గుతుంది. ఆ లోపు పూర్తిగా మంచం ఎక్కకుండా వీలైనంత తిరుగుతూ ఉండటమే మంచిది. మొదలైన తేదీ రాసి, రెండు రోజులకోసారి ఎంత దూరం నడిచారో, ఏ పని చేయగలిగారో ఒక ముక్క రాసుకోండి. పెరుగుతోందా తగ్గుతోందా అన్నది జ్ఞాపకం కన్నా ఆ కాగితమే నిజం చెబుతుంది.

నొప్పి మాత్రలు రోజుల తరబడి వేసుకుంటూ ఆగడం దీనికిందికి రాదు. రెండు మూడు రకాల నొప్పి మాత్రలు కలిపి వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బతినడం, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు రక్తస్రావం దాకా పోతుంది. స్పర్శ లేని పాదం మీద వేడినీళ్ల సంచి పెట్టొద్దు, కాలినా తెలియదు. ఇక "నరాల బలహీనత" అని తమకు తామే పేరు పెట్టుకుని విటమిన్ మాత్రలు మొదలుపెట్టేవాళ్లకు రెండు మాటలు. పరీక్షకు ముందే బి12 వేసుకుంటే రక్తపరీక్షలో అసలు లోపం కనపడకుండా పోవచ్చు. బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అదే నరాలను పాడుచేసి తిమ్మిరి తెస్తుంది.

## మీ పరిస్థితిని బట్టి

షుగర్ ఉన్నవాళ్లు ఏ లక్షణానికైనా పట్టికలో ఒక వరుస పైకి జరగండి. నడుస్తుంటే చెప్పు జారిపోయిన సంగతి తెలియకపోతే అదే ఒక పరీక్ష అనుకోండి. పాదాలు రోజూ కింది వైపు అద్దంతో చూసుకోవాలి. నొప్పి లేని పుండు నొప్పి ఉన్న పుండు కన్నా ప్రమాదం, ఆ రోజే చూపించాలి.

గర్భిణులకు చేతుల తిమ్మిరి మామూలే, ప్రసవం తర్వాత ఎక్కువమందికి తగ్గుతుంది. కానీ తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి కలిసి వస్తే బీపీ పెరిగి ఉండొచ్చు. వెంటనే వెళ్లాలి. నెల తప్పిన తొలి వారాల్లో పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం ఉన్నా అంతే.

టెన్షన్ ఎక్కువగా పడేవాళ్లకు ఊపిరి వేగంగా తీసినప్పుడు పెదవుల చుట్టూ, రెండు చేతుల వేళ్లకూ తిమ్మిరి వస్తుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గడం దీనికి కారణం. నెమ్మదిగా ఊపిరి వదులుతుంటే పోతుంది. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం "టెన్షన్ వల్లే" అని మీరూ అనుకోవద్దు, ఇంట్లోవాళ్లనూ అననివ్వొద్దు. గుండె, మెదడు బాగున్నాయని ఒకసారి తేల్చుకుంటే రెండోసారి ధైర్యంగా ఉండగలరు. ఒక వైపే వచ్చిన తిమ్మిరిని ఎప్పుడూ ఈ ఖాతాలో వేయకండి.

పెద్దవాళ్లను చూసుకునేవాళ్లు, "ఎందుకురా ఇప్పుడు, రేపు చూద్దాంలే" అన్న మాటను లక్షణాల జాబితాలోకి తీసుకోకండి. పిల్లలకు ఇబ్బంది అని వాళ్లు తగ్గించి చెబుతారు. చెయ్యి ఎత్తించి, నడిపించి, మాట్లాడించి మీ కళ్లతో చూసి నిర్ణయించుకోండి. క్యాన్సర్ చికిత్స తీసుకున్నవాళ్లకు కొత్తగా వెన్నునొప్పి, కాళ్లలో బలం తగ్గడం కలిసి వస్తే ఆ రోజు దాటనివ్వకూడదు.

## ఎవరి దగ్గరికి, ఏం చెప్పాలి

మూడో దారికి ముందు మామూలు ఫిజీషియన్ చాలు. షుగర్, థైరాయిడ్, విటమిన్ అన్నీ ఒకేచోట చూసి, అవసరమైతే నరాల డాక్టర్ దగ్గరికో, ఎముకల డాక్టర్ దగ్గరికో పంపుతారు. నేరుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్తే తొందరగా తేలుతుందనిపిస్తుంది గానీ, ఎవరి దగ్గరికి వెళ్లాలో తప్పుగా ఎంచుకుంటే నెలలు పోతాయి. ఫోన్‌లో, వీడియోలో డాక్టర్‌ని అడగడం మూడో, నాలుగో దారులకు బాగా ఉపయోగపడుతుంది. మొదటి దారి లక్షణాలకు ఆ కాల్ కోసం ఎదురుచూడటమే నష్టం.

వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఎప్పుడు మొదలైంది, చివరిసారి పూర్తిగా బాగున్నది ఎప్పుడు, చేతితో గీసిన బొమ్మ మీద ఎక్కడ, ఏ భంగిమలో పెరుగుతుంది, ఏ పని చేయలేకపోతున్నారు, వాడుతున్న మందులన్నీ. విటమిన్లు, నొప్పి మాత్రలు కూడా రాయండి. డాక్టర్ "ఏమీ లేదు, వెళ్లొచ్చు" అంటే లేవకముందే ఒక ప్రశ్న అడగండి: "ఏం కనిపిస్తే నేను మళ్లీ రావాలి, ఎన్ని రోజుల్లో తగ్గాలి?" ఆ జవాబును కూడా అదే కాగితం మీద, తేదీ వేసి రాసుకోండి.